కదలనంతసేపూ బాగానే ఉంటుంది

కంప్యూటర్లో తయారయ్యే మనిషి బొమ్మల మొహాలకు కదలిక అమర్చడం నా ఉద్యోగం. మోడల్ చేసేవాళ్లు మొహం చెక్కి ఇస్తారు. కనుబొమ్మ ఎంతవరకు లేవాలి, పెదవి మూల లాగితే చెంప ఎక్కడ మడత పడాలి, రెప్ప వాలితే కింద చర్మం ఎంత నలగాలి, ఇవన్నీ లోపల బిగించి యానిమేటర్ చేతికి అందించేది మేము. మా దాంట్లో దీన్ని రిగ్గింగ్ అంటారు. చుట్టాలకు మాత్రం "గ్రాఫిక్స్ పని" అని చెప్పి ఊరుకుంటాను. అంతకు మించి మొదలుపెడితే వాళ్ల కళ్లు ఫోన్ల వైపు పోతాయి.

ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన ఘట్టం ఒకటి ఉంది. ముందు స్టిల్ రెండర్, అంటే కంప్యూటర్ గీసిచ్చే కదలని బొమ్మ, వస్తుంది. చర్మం మీద సన్న రంధ్రాలు, ముక్కు పక్కన కాస్త ఎరుపు, పెదవి మీద ఎండిన గీతలు, అన్నీ ఉంటాయి. ఫొటో అంటే నమ్మేస్తారు. అందరూ మెచ్చుకుంటారు. ఆ తర్వాత అదే మొహం చేత ఒక చిన్న డైలాగ్ చెప్పించి చూపిస్తాం. గదిలో ఎవరూ నోరు మెదపరు. కాసేపటికి ఎవరో ఒకరు "ఏదో తేడా కొడుతోంది" అంటారు. ఏది తేడా అంటే చెప్పలేరు. ఒకరు కళ్లంటారు, ఇంకొకరు నోరంటారు, మూడో ఆయన జుట్టు మీదికి తోసేస్తాడు. నిలబెట్టినంతసేపూ మనిషి, కదిలిందా శవం.

అందుకే "మనిషిలా ఉండే రోబోలను చూస్తే ఎందుకు ఒళ్లు జలదరిస్తుంది?" అని ఎవరైనా అడిగితే, "మరీ మనిషిలా ఉంటాయి కాబట్టి" అనే జవాబు నాకు మింగుడుపడదు. మైనపు బొమ్మలు కూడా మరీ మనిషిలాగే ఉంటాయి. వాటి పక్కన నిలబడి జనం నవ్వుతూ ఫొటోలు దిగుతారు. అదే మైనపు బొమ్మ మెల్లగా తల తిప్పి చూసిందనుకోండి, ఫొటో సంగతి దేవుడెరుగు, చెప్పులు అక్కడే వదిలి పరిగెడతారు. నా లెక్కలో గొడవంతా ఆకారం దగ్గర కన్నా కాలం దగ్గర ఉంది. ఏ కండరం ఎప్పుడు మొదలై, ఎంతసేపటికి ఎక్కడ ఆగిందన్న దగ్గర.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ప్రొఫెసర్‌గా ఉన్న మసాహిరో మోరి 1970లో 'ఎనర్జీ' అనే జపాన్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. అన్‌క్యానీ వ్యాలీ, అంటే గగుర్పాటు లోయ, అని ఇప్పుడు అందరూ వాడుతున్న మాటకు పునాది అదే. అడ్డంగా మనిషి పోలిక, నిలువుగా మనకు కలిగే ఆత్మీయత పెట్టి ఆయన ఒక గ్రాఫ్ గీశారు. ఫ్యాక్టరీ రోబో నుంచి ఆటబొమ్మ రోబో దాకా పోలిక పెరిగే కొద్దీ ఇష్టం పెరుగుతుంది. పోలిక దాదాపు పూర్తవుతుందనగా గీత ధబేలున లోయలోకి పడిపోతుంది. ఆ లోయలో కృత్రిమ చేయి ఉంది, శవం ఉంది, అన్నిటికన్నా అడుగున లేచి నడిచే శవం ఉంది. అది దాటితే మళ్లీ పైకి, ఆరోగ్యంగా ఉన్న మనిషి దగ్గరికి. ఆ గ్రాఫ్ వెనక కొలతలేం లేవు, ప్రయోగాలు లేవు. ఒక ఇంజనీరు తన అనుభవం కొద్దీ గీసిన గీత అది. చాలా ఏళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు కూడా. ఆయన అనుమతితో పూర్తి ఇంగ్లిష్ అనువాదం వచ్చింది 2012లోనే.

ఇంటర్నెట్‌లో తిరిగే బొమ్మల్లో ఆ లోయ ఒక్కటే గీసి వదిలేస్తుంటారు కానీ, అసలు వ్యాసంలో గీతలు రెండు. ఒకటి కదలని వస్తువులకు, రెండోది కదిలేవాటికి. కదిలేవాటి గీతలో శిఖరాలు మరింత ఎత్తు, లోయ మరింత లోతు. నాకు బాగా నచ్చిన ఉదాహరణ కూడా అందులోదే. 1970లో ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక రోబోను పెట్టారు. మొహంలో 29 జతల కృత్రిమ కండరాలు అమర్చి, అచ్చం మనిషిలా నవ్వేటట్టు చేశారు. నవ్వంటే మొహంలో వరసగా జరిగే మార్పులనీ, వాటి వేగమే కీలకమనీ దాన్ని తయారుచేసినాయన చెప్పాడట. వేగం సగానికి తగ్గిస్తే అదే నవ్వు భయపెడుతుందట. కండరాలవే, కొలతలవే, మొహమూ అదే. మారింది గడియారం ఒక్కటే. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు నేను ముందు చెప్పే కథ ఇది. తర్వాత వాళ్ల చేతే ఒక మంచి నవ్వును ఫ్రేములు సాగదీసి చూడమంటాను. ఇంకేం చెప్పనక్కర్లేదు.

కళ్ల గురించి కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను. మా పనిలో సగం టెన్షన్ వాటితోనే.

మీరు ఇప్పుడే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఎదురుగా ఖాళీ గోడ చూస్తూ, ఎడమ చివర నుంచి కుడి చివరకు చూపును ఆగకుండా నున్నగా జరపండి. కుదరదు. మీకు నున్నగా జరిగినట్టే అనిపిస్తుంది, కానీ పక్కనుంచి చూసేవాళ్లకు మీ కన్ను గంతులేస్తూ పోవడం కనిపిస్తుంది. కదిలే వస్తువును వెంటాడేటప్పుడు తప్ప మనిషి కన్ను జారదు, దూకుతుంది. ఊరికే మాట్లాడుకుంటున్నప్పుడు కూడా అవతలివాళ్ల ఒక కంటి నుంచి ఇంకో కంటికి, అక్కడినుంచి నోటికి దూకుతూనే ఉంటుంది. ఒకే చోట నిలిపినట్టున్నప్పుడు సైతం సన్నగా వణుకుతుంది. రోబో కనుగుడ్డు వెనక మోటారు ఉంటుంది. ఒకరి మీంచి ఇంకొకరి మీదికి చూపు తిప్పమంటే తలుపు తెరుచుకున్నంత సాఫీగా తిప్పుతుంది. చూసేవాళ్లకు కంటి శాస్త్రం తెలియదు. కానీ పుట్టిన దగ్గర్నుంచీ మొహాలే చూస్తున్నారు. అలా జారే కన్నుల్ని ఎన్నడూ చూసి ఉండరు.

మనం ఎవరివైపైనా తిరిగేటప్పుడు మామూలుగా ముందు కళ్లు వెళ్తాయి, తర్వాత తల, ఆ వెనక భుజాలు. పెద్ద మలుపైతే మధ్యలో రెప్ప ఒకసారి పడుతుంది. రెప్ప మూసుకునేది చటుక్కున, తెరుచుకునేది కాస్త నిదానంగా. కిందికి చూస్తే పై రెప్ప కూడా కనుగుడ్డుతో పాటే దిగుతుంది. ఇందులో ఒక్కటి వదిలేసినా మొహం వెలవెలబోతుంది. రెప్ప దిగకుండా కనుగుడ్డు మాత్రం దిగితే, ఆ మనిషికి లోపల ఏదో అయిందనిపిస్తుంది. కింది రెప్ప అంచున సన్నటి తడి గీత ఒకటి ఉంటుంది. కంప్యూటర్ బొమ్మకు ఆ తడి మరిచిపోతే మెరుపు పోయి, చేపల బజారులో పొద్దుటి సరుకు సాయంత్రం చూసినట్టుంటుంది. రోబోలకు ఆ తడి పెట్టడం ఇంకా కష్టం. సిలికాన్ రెప్పకూ గాజు కంటికీ మధ్య ఎండిన సందు ఒకటి కనిపిస్తూనే ఉంటుంది.

నోటి సంగతికి వద్దాం. 'అమ్మ' అనండి. రెండు పెదవులూ గట్టిగా కలిస్తే తప్ప ఆ మాట రాదు. ప, బ, మ పలికే ప్రతిసారీ పెదవులు కలవాలి, అదీ శబ్దానికి వెంట్రుకవాసి ముందు. చాలా మనిషి రోబోల్లో దవడ ఒక్కటే పైకీ కిందికీ ఆడుతుంది. శబ్దం స్పీకర్లోంచి 'అమ్మ' అంటుంది, పెదవులు మాత్రం తెరిచే ఉంటాయి. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన లెక్క ఒకటి ఉంది: మాట శబ్దం బొమ్మకన్నా దాదాపు 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా చూసేవాళ్లు పసిగడతారు. ముందొస్తేనే ఎక్కువ చికాకు. దూరాన పిడుగు పడ్డా, ఎవరో గుడ్డ ఉతికినా కంటికి ముందు, చెవికి తర్వాత అందడానికే మనం అలవాటు పడ్డాం. సెకనులో ఇరవయ్యో వంతు తేడాను కూడా వదలని జీవి ముందు సిలికాన్ పెదవులు పెట్టి మెప్పించాలనుకోవడం సాహసమే.

ఈమధ్య ఇంకో తలనొప్పి తోడైంది. చాట్‌జీపీటీ లాంటి పెద్ద పెద్ద భాషా మోడళ్లు వచ్చాక రోబోలు నిజంగానే సంభాషిస్తున్నాయి. ప్రశ్న అడిగాక జవాబు రావడానికి మాత్రం క్షణమో రెండు క్షణాలో పడుతుంది. 2009లో పది భాషల్లో మామూలు సంభాషణలను కొలిచి చూసిన ఒక అధ్యయనంలో ఒకరి మాట ముగియడానికీ రెండోవారి మాట మొదలవడానికీ మధ్య ఎడం సగటున 200 మిల్లీసెకన్ల చుట్టుపక్కలే తేలింది. అంటే ఎదుటివాడు ముగించక ముందే మనం జవాబు సిద్ధం చేసుకుంటున్నామన్నమాట. ఆలస్యమయ్యేటట్టుంటే ఊరుకోం. చూపు పక్కకి తిప్పుతాం, ఊపిరి పీలుస్తాం, "అంటే..." అని సాగదీస్తాం, కనుబొమ్మలు ముడిచి "ఆలోచిస్తున్నా" అని చెప్పకనే చెబుతాం. రోబో ఆ రెండు క్షణాలూ మీ కళ్లలోకి కళ్లు పెట్టి, సగం చిరునవ్వుతో, అలాగే నిలబడి ఉంటుంది. రోబోల ప్రదర్శన వీడియోలు చూసేటప్పుడు నేను మాటలు వినను. ఆ ఖాళీల్లో మొహం ఏం చేస్తోందో చూస్తాను. నాకు ఒళ్లు జలదరించేది అక్కడే.

ఇదంతా నా వృత్తి పిచ్చి అనుకునేవాళ్లకు ఒక ప్రయోగం గురించి చెబుతాను. ఒసాకా విశ్వవిద్యాలయంలో హిరోషి ఇషిగురో బృందం ఒక నిజమైన మహిళను చూసి రెప్లీ క్యూ2 అనే ఆండ్రాయిడ్‌ను, అంటే అచ్చం మనిషిలా కనిపించే రోబోను, తయారుచేసింది. ఐషే పినార్ సాయ్‌గిన్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి మూడు రకాల వీడియోలు తీశారు: ఆ ఆండ్రాయిడ్ చేయి ఊపడం లాంటి మామూలు పనులు చేస్తున్నది, తొడుగు ఊడదీసి లోపలి లోహం బయటపెట్టిన అదే రోబో అవే పనులు చేస్తున్నది, ఆ అసలు మహిళ చేస్తున్నది. ఇవి చూస్తున్నవాళ్ల మెదళ్లను ఎఫ్ఎమ్ఆర్ఐలో, అంటే మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపించే స్కానర్లో, పరిశీలించారు. మనిషి మనిషిలా కదిలితే మెదడు తన దారిన తాను పోయింది. లోహం లోహంలా కదిలినా అంతే. మనిషి చర్మం తొడుక్కున్నది యంత్రంలా కదిలినప్పుడే మెదడులోని కొన్ని భాగాలు, ముఖ్యంగా చూపునూ కదలికనూ ముడివేసే చోట్లు, విడ్డూరంగా ఎక్కువ పనిచేశాయి. చర్మాన్ని చూసి మెదడు ఒక కదలికను ముందే ఊహించి పెట్టుకుంది, వచ్చింది వేరొకటి. ఇది వాళ్ల వివరణ. మా గదిలో "ఏదో తేడా కొడుతోంది" అన్నాయన మెదడులో జరిగిందీ ఇదే అయ్యుంటుంది.

కదలికే సర్వం అని బల్లగుద్ది చెప్పలేను. ప్రిన్స్‌టన్‌లో 2009లో కోతుల మీద చేసిన ప్రయోగం నా వాదానికి కొంచెం అడ్డం తగులుతుంది. కోతులకు నిజమైన కోతి మొహాలు, కార్టూన్ లాంటి కోతి మొహాలు, కంప్యూటర్లో దాదాపు నిజంలా చేసిన కోతి మొహాలు చూపించారు. కోతులు అన్నిటికన్నా తక్కువసేపు చూసింది ఆ దాదాపు నిజాలనే. కదిలినప్పుడూ అంతే, కదలనప్పుడూ అంతే. కోతికి సినిమాలు తెలియవు, దెయ్యం కథలు తెలియవు, ఉద్యోగం పోతుందన్న బెంగ లేదు. కాబట్టి ఇది ఒట్టి సంస్కృతి పెట్టిన భయం అనేవాళ్ల మాట అంత తేలిగ్గా నిలవదు.

పిల్లలతో వచ్చిన ఫలితాలు వేరే రకం. 2019లో అచ్చయిన ఒక అధ్యయనంలో మూడేళ్ల పిల్లల నుంచి పద్దెనిమిదేళ్లవాళ్ల దాకా రోబోల వీడియోలు చూపించారు. చిన్నపిల్లలకు మనిషి మొహం రోబో ఏమంత భయంగా అనిపించలేదు. తొమ్మిదేళ్లు దాటినవాళ్లకే అది యంత్రంలా కనిపించే రోబో కన్నా వింతగా, భయంగా తోచింది. రోబోకు మనసుంటుందా లేదా అన్న ఆలోచన వయసుతో మారడం దీనికి కారణమని ఆ పరిశోధకులు అంటారు. మా అన్నయ్య కూతురికి ఐదేళ్లు. ఇంటికొచ్చినప్పుడు నేను ఒక ఆండ్రాయిడ్ వీడియో చూస్తుంటే వచ్చి ఒళ్లో కూర్చుంది. మా అమ్మేమో వెనకనుంచి "దాన్ని ఆపవే, ఆ చూపేంటి" అని మొహం తిప్పేసుకుంది. ఈ పిల్ల మాత్రం దగ్గరగా వంగి చూసి, "అత్తా, ఈమెకి నిద్రొస్తోందా?" అంది. రెప్పలు సగమే పడుతున్నాయని నేను పావుగంటగా అనుకుంటున్న విషయం దానికి ఒక్క క్షణంలో దొరికింది. తేడా కనిపించింది, భయం మాత్రం కలగలేదు. పెద్దవాళ్లకు ఆ రెండూ అతుక్కుపోయి వస్తాయి.

ఆ భయం ఎక్కడినుంచి వచ్చి అతుక్కుంటుందన్న దానికి చాలా సిద్ధాంతాలున్నాయి. రోగం ఉన్న శరీరాన్ని దూరం పెట్టే పాత జాగ్రత్త అంటారు కొందరు. మన చావును గుర్తుచేస్తుంది అంటారు ఇంకొందరు. నాకు ఇవి అంతగా ఎక్కలేదు. జబ్బు మనిషిని చూస్తే జాలేస్తుంది, దగ్గరికి వెళ్తాం కూడా. నాకు నచ్చిన మాట చాలా పాతది. 1906లోనే ఎర్న్‌స్ట్ యెంట్ష్ అనే జర్మన్ వైద్యుడు రాశాడు: ప్రాణమున్నట్టు కనిపించేదానికి నిజంగా ప్రాణముందా, ప్రాణం లేదనుకున్నదాంట్లో ఎక్కడైనా ఉందేమో అన్న సందేహం తేలకపోవడమే ఆ గగుర్పాటుకు మూలమని. అప్పటికి రోబో అనే మాటే పుట్టలేదు. ఆయన ముందున్నవి మైనపు బొమ్మలు, కీ ఇచ్చి ఆడించే యంత్రాలు.

దీనికి దగ్గరగా మనుషుల్లోనే వచ్చే ఒక జబ్బుంది. ఫ్రెంచి వైద్యుడు కాప్‌గ్రా 1923లో దాన్ని వర్ణించాడు, ఆయన పేరే దానికి స్థిరపడింది. అది వచ్చినవాళ్లకు భార్యో తండ్రో ఎదురుగా ఉంటే మొహం గుర్తుపడతారు, పోలికలన్నీ సరిపోయాయని ఒప్పుకుంటారు, అయినా "ఈమె నా భార్య కాదు, ఆమె వేషంలో వచ్చిన ఎవరో" అంటారు. తెలిసిన మొహం చూసినప్పుడు మామూలుగా మన చర్మంలో కలిగే సన్నటి విద్యుత్ స్పందన వాళ్లలో కలగట్లేదని పరీక్షల్లో తేలింది. కన్ను 'అవును' అంది, ఒళ్లు పలకలేదు. మంచి ఆండ్రాయిడ్ ముందు నిలబడినప్పుడు మనకూ అలాంటిదే జరుగుతుందని నా అనుమానం. ఇది శాస్త్రం తేల్చిన మాట కాదు, నా మాట. కాకపోతే మన విషయంలో ఒళ్లు చెప్పిందే నిజం.

కర్ట్ గ్రే, డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2012లో ప్రచురించిన ప్రయోగాలు ఇంకొంచెం లోపలికి తీసుకెళ్తాయి. ఒక కంప్యూటర్ గురించి వర్ణన చదివించారు. మొహం లేదు, ఒళ్లు లేదు. అది ప్లాన్లు వేసి పనులు చేయగలదంటే చదివినవాళ్లు పెద్దగా చలించలేదు. దానికి ఆకలి, భయం లాంటివి తెలుస్తాయంటేనే అసౌకర్యపడ్డారు. తిరగేసి, అచ్చమైన మనిషినే చూపించి ఇతనికి నొప్పి, సుఖం ఏవీ తెలియవంటే అతన్ని చూసీ ఇబ్బందిపడ్డారు. అంటే మన బెదురు పోలిక చుట్టూనే తిరగట్లేదు. లోపల అనుభవించేవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. మొహం ఆ ప్రశ్న లేపే సాధనం. కదలిక సరిగ్గా కుదిరితే 'ఉన్నారు' అని సర్దుకుంటాం, అసలు మొహమే లేకపోతే అడగనే అడగం. మధ్యలో ఇరుక్కున్నదే పీడకల.

రోబో కంపెనీలకు ఈ సంగతి బాగా ఎక్కినట్టుంది. ఇళ్లలోకీ ఫ్యాక్టరీల్లోకీ పంపాలనుకుంటున్న కొత్త రోబోల్లో చాలావాటికి మొహమే లేదు. టెస్లా ఆప్టిమస్‌కు ఉన్నది నల్లటి అద్దం పలక. హాన్సన్ రోబోటిక్స్ వాళ్ల సోఫియాకు మొహం మనిషిదే, తల వెనక మాత్రం జుట్టు లేకుండా లోపలి తీగలు కనిపించేలా వదిలేశారు. ఇంజనీర్డ్ ఆర్ట్స్ వాళ్ల అమేకా వీడియో 2021 డిసెంబరులో జనం ముందుకొచ్చింది. దాని కనుబొమ్మలు, రెప్పలు ఆడే తీరు చూసి మా టీంలో అందరం అసూయపడ్డాం. దానికి మాత్రం కావాలనే బూడిద రంగు చర్మం తొడిగారు. అంత మంచి కదలిక పెట్టి రంగు దగ్గర ఆగారంటే తెలివైనవాళ్లే. మోరి కూడా అదే చెప్పారు. అచ్చం మనిషిలా చేయాలని ఆ రెండో శిఖరం వెంటపడకండి, లోయకు ఇవతలి గట్టునే మంచి డిజైన్ వెతకండి అని. కృత్రిమ చేయికి బదులుగా ఆయన చూపించినది బుద్ధ విగ్రహాలు చెక్కే శిల్పి మలిచిన చెక్క చేయి. రంగు చెక్కదే, వంపులు మాత్రం అందంగా. అది చూసి ఎవరూ ఉలిక్కిపడరు.

మొహం తీసేస్తే పీడ విరగడైనట్టేనా అంటే, అదీ లేదు. 2024 ఏప్రిల్‌లో బోస్టన్ డైనమిక్స్ కొత్త ఎలక్ట్రిక్ అట్లాస్ వీడియో వదిలింది. నేలమీద పడుకున్న రోబో కాళ్లను వెనక్కి మడిచి లేచి నిలబడుతుంది. తల ఉండాల్సిన చోట గుండ్రటి పలక. దాన్ని ఎవరూ మనిషనుకోరు. కానీ రెండు కాళ్లు, రెండు చేతులు చూసేసరికి మన మోకాళ్లు ఎటు వంగుతాయో మెదడుకు గుర్తొస్తుంది, అవి అటు వంగవు. 2025 నవంబరులో దీనికి పూర్తి తలకిందులుగా జరిగింది. చైనా కంపెనీ ఎక్స్‌పెంగ్ తన ఐరన్ రోబోను స్టేజీ మీద నడిపించింది. మొహం లేదు, కానీ నడక ఎంత మనిషిలా ఉందంటే, లోపల మనిషే ఉన్నాడని నెట్‌లో గోల మొదలైంది. చివరికి కాలి తొడుగు కోసి లోపల యంత్రమే ఉందని చూపించాల్సి వచ్చింది. నడుము ఊగే లయ ఒక్కటి కుదిరితే చాలు, మొహం లేకపోయినా మనం లోపల మనిషిని వెతుకుతాం.

ఈ మధ్య ఒక చిన్న బృందం సలహా కావాలని నన్ను పిలిచింది. రిసెప్షన్ టేబుల్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడే రోబోకు మొహం చేస్తున్నారు. అసలు మోటార్లు అమర్చే పని వాళ్లదే. ఎప్పుడు ఏది కదలాలో చెప్పడం వరకే నా పని. వెళ్లేసరికి సిలికాన్ చర్మం మీద సన్న రంధ్రాలు, ఒక పుట్టుమచ్చ, నుదుటి దగ్గర విడివిడిగా నాటిన వెంట్రుకలు, అన్నీ రెడీ. రెప్పలకు మాత్రం ఒకే ఒక మోటారు, రెండూ కలిసే పడతాయి. కనుబొమ్మలు అసలు కదలవు. డబ్బంతా పుట్టుమచ్చ మీద పెట్టి కనుబొమ్మలకు మిగల్చలేదన్నమాట.

నేను చెప్పినవి నాలుగైదే. చర్మానికి మనిషి రంగు వద్దు. రంధ్రాలు, మచ్చ, వెంట్రుకలు తీసేయండి. మిగిలిన డబ్బుతో పై రెప్పకు, కింది రెప్పకు విడివిడి మోటార్లు, కనుబొమ్మలకు కనీసం రెండేసి పెట్టండి. కళ్లు జారకుండా దూకేలా ప్రోగ్రాం రాయండి. జవాబు ఆలస్యమయ్యే ఆ రెండు క్షణాలు చూపు కిందికో పక్కకో తిప్పండి, వచ్చినవాళ్ల మొహంలోకి మాత్రం చూడనివ్వకండి. జవాబు దొరికాక ముందు కళ్లు రావాలి, తర్వాత తల, ఆ తర్వాతే మాట. కళ్ల సంగతి వెంటనే ఒప్పుకున్నారు, రెండు రోజుల్లో మార్చి చూపించారు కూడా. తేడా అక్కడి రిసెప్షనిస్టే ముందు పట్టేసింది. "ఇప్పుడు పక్కన కూర్చోగలను" అంది.

చర్మం రంగు దగ్గరే పేచీ. పెట్టుబడి పెట్టినవాళ్లకు చూపించడానికి ఫొటోలు కావాలట, ఫొటోలో బూడిద రంగు కన్నా మనిషి రంగే బాగుంటుందట. నిజమే, ఫొటోలో చాలా బాగుంటుంది. దాని గురించి ఇంకా మీటింగులు నడుస్తూనే ఉన్నాయి.